పికప్ వెనక కుదుపు: తప్పు ఇరుసుదా, స్ప్రింగుదా?

బెంగళూరులో ఉద్యోగం, మదనపల్లె వైపో హిందూపురం వైపో కాస్త పొలం. ఇలాంటి తెలుగు కుటుంబాల్లో పికప్ కొనాలన్న ఆలోచన తరచుగా వస్తుంటుంది. వారమంతా ఆఫీసుకి, శనివారం ఊరికి, వచ్చేటప్పుడు వెనక నాలుగు బస్తాలు. అన్నిటికీ ఒకే బండి సరిపోవాలి. షోరూమ్‌కి వెళ్లి టొయోటా హైలక్స్‌నో, ఇసుజు వి-క్రాస్‌నో నడిపి చూస్తారు. మొదటి స్పీడ్ బ్రేకర్ దాటగానే వెనక సీట్లోంచి మాట వస్తుంది. ‘‘ఇంత డబ్బు పోసినా వెనకాల లారీ కమాన్ కట్టలేనా? మంచి కార్లలో లాగా ఇండిపెండెంట్ సస్పెన్షన్ పెట్టొచ్చు కదా?’’

న్యాయమైన ప్రశ్నే. (కమాన్ కట్ట అంటే ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన లీఫ్ స్ప్రింగు.) కానీ అందులో రెండు వేర్వేరు సంగతులు చిక్కుపడి ఉన్నాయి. రెండు వెనక చక్రాలూ ఒకదానికొకటి ఎలా కలిసి ఉన్నాయన్నది ఒకటి. బండి బరువును ఏది మోస్తోందన్నది ఇంకొకటి. మొదటిది ఇరుసు విషయం, రెండోది స్ప్రింగు విషయం. వీటిని విడదీయకపోతే కుదుపు ఒకచోట పుడుతుంది, నింద ఇంకోచోట పడుతుంది. ఖాళీ పికప్‌లో మనం పడే ఇబ్బందిలో ఎక్కువ భాగం ఇరుసు వల్ల వచ్చింది కాదు.

ముందు ఇరుసు సంగతి. సాలిడ్ యాక్సిల్ అంటే ఈ చివరి చక్రం నుంచి ఆ చివరి చక్రం దాకా ఒకే ఇనుప హౌసింగ్. మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే గుండులో, ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ ఉంటుంది, రెండు పక్కల గొట్టాల్లో చక్రాలను తిప్పే షాఫ్టులు ఉంటాయి. మొత్తం ఒకే ముక్కగా పైకీ కిందికీ కదులుతుంది. భుజం మీది కావడిలాగే ఒక కొస పైకి లేస్తే రెండో కొస వాలుతుంది. ఎడమ చక్రం రాయి ఎక్కితే కుడి చక్రం కూడా కాస్త పక్కకు ఒరుగుతుంది. ఇండిపెండెంట్‌లో ఈ సంబంధం ఉండదు. డిఫరెన్షియల్ చాసిస్‌కే, అంటే బండి అడుగు చట్రానికే బిగించి ఉంటుంది. దాని నుంచి రెండు పక్కలకీ జాయింట్లున్న షాఫ్టులు వెళ్తాయి, ఒక్కో చక్రాన్నీ దాని సొంత ఆర్మ్‌లు పట్టుకుంటాయి. ఎడమ చక్రం గుంతలో పడిన సంగతి కుడి చక్రానికి పెద్దగా తెలియదు.

ఇక స్ప్రింగు. కమాన్ కట్ట కావచ్చు, చుట్ట స్ప్రింగు కావచ్చు, గాలి తిత్తి కావచ్చు. సాలిడ్ యాక్సిల్ అంటే కమాన్ కట్టే ఉండాలన్న నియమం లేదు. దీనికి రుజువు బెంగళూరు పక్కనే ఉంది. బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలో హైలక్స్ తయారవుతుంది, ఫార్చ్యూనర్ కూడా తయారవుతుంది. రెండూ ఒకే కుటుంబం, రెండిటికీ నిచ్చెన చాసిస్, రెండిటికీ వెనక సాలిడ్ యాక్సిలే. తేడా ఎక్కడంటే, హైలక్స్‌లో ఆ ఇరుసును కమాన్ కట్టలు మోస్తాయి, ఫార్చ్యూనర్‌లో చుట్ట స్ప్రింగులు మోస్తాయి, నాలుగు లింకులు (కడ్డీలు) దాన్ని అటూ ఇటూ జరగకుండా పట్టుకుంటాయి. ఇన్నోవా క్రిస్టాదీ అదే పద్ధతి. మహీంద్రా స్కార్పియో-ఎన్ వెనకాల కూడా సాలిడ్ యాక్సిలే ఉంది, కాకపోతే చుట్ట స్ప్రింగులతో, పక్కకు జరగకుండా పట్టే వాట్స్ లింకేజ్ అనే కడ్డీల అమరికతో. క్రిస్టాలో తిరుపతి వెళ్లొచ్చి ‘వెనక ఇరుసు లారీది’ అని ఫిర్యాదు చేసినవాళ్లను నేను చూడలేదు.

ఇంకా పెద్ద రుజువు కావాలంటే కర్ణాటక ఆర్టీసీ ఐరావత్ ఎక్కిన రాత్రిని గుర్తు చేసుకోండి. హొస్కోటెలో తయారయ్యే ఆ వోల్వో బస్సు వెనక ఇంజను శక్తి అందుకునేది ఒక బరువైన సాలిడ్ యాక్సిల్. అయినా హైదరాబాద్ దాకా హాయిగా నిద్రపోతాం. ఆ సుఖం ఇచ్చేది ఇరుసు మీద కూర్చున్న గాలి తిత్తులు.

మరి పికప్‌కి ఏమైంది? ఇక్కడ చిన్న లెక్క వేయాలి. అసలు విషయమంతా ఇందులోనే ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఖాళీగా ఉన్న పికప్‌లో వెనక స్ప్రింగుల మీద 600 కిలోలు పడుతున్నాయనుకుందాం. లోడ్ వేశాక ఇంకో 800 కిలోలు చేరి 1400 అయింది. సరుకు వేసే ట్రే వెనక ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి వేసిన బరువులో చాలా భాగం నేరుగా అక్కడికే వస్తుంది. మనిషికి ఇబ్బంది లేకుండా ఉండాలంటే బండి స్ప్రింగుల మీద సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేలా ఉండాలి. ఖాళీ బండిలో సుఖం కోసం సెకనుకు 1.3 సార్లు ఊగే మెత్తని స్ప్రింగు పెట్టామనుకోండి. 800 కిలోలు వేయగానే వెనక భాగం దాదాపు 20 సెంటీమీటర్లు కుంగుతుంది. చక్రం పైకి కదలడానికి అంత జాగా ఉండదు. బండి కుంగి రబ్బరు స్టాపర్ల మీద కూర్చుంటుంది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి, ముందు చక్రాల మీద పట్టు తగ్గుతుంది.

అందుకని లోడ్‌తో ఉన్నప్పుడు 1.3 వచ్చేలా గట్టి స్ప్రింగు పెట్టామనుకోండి. అప్పుడు అదే లోడ్‌కి 8 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే కుంగుతుంది, అది భరించవచ్చు. కానీ ఖాళీగా ఉన్నప్పుడు అదే స్ప్రింగు సెకనుకు దాదాపు 2 సార్లు ఊగుతుంది. వెనక సీట్లోని మనిషి వెన్నుకు తగిలే దడదడ అదే. ఇందులో ఇరుసు ఒకటా, రెండు ముక్కలా అన్న ప్రసక్తే లేదు. ఇండిపెండెంట్ పెట్టి, అదే లోడ్ మోయాలని అంతే గట్టి స్ప్రింగు బిగిస్తే ఆ ఊగుడు అలాగే ఉంటుంది.

కారులో ఈ సమస్య ఎందుకు రాదంటే, ముగ్గురు మనుషులు, సూట్‌కేసులు ఎక్కినా వెనక బరువు మహా అయితే ఒకటిన్నర రెట్లు అవుతుంది. పైన మనం అనుకున్న పికప్‌లో అది 2.3 రెట్లు. ఖాళీకీ నిండుకీ మధ్య ఉన్న ఈ దూరమే వెనక సస్పెన్షన్ ఎలా ఉండాలో నిర్ణయిస్తుంది. ఫలానా పికప్‌కి ఇండిపెండెంట్ ఎందుకు లేదని అడిగే ముందు, అది ఖాళీగా ఎంత, నిండుగా ఎంత అని అడగాలి.

కమాన్ కట్టలు ఈ దూరాన్ని కొంతవరకు సర్దుతాయి. కట్ట అడుగున ఒకటి రెండు మందపాటి పట్టీలు ఖాళీ బండిలో పని చేయకుండా విడిగా ఉంటాయి. లోడ్ పడి పై పట్టీలు సాగాక అవి తగిలి బరువు అందుకుంటాయి. గాలి తిత్తి ఇంకా బాగా సర్దుతుంది. బరువు పెరిగినకొద్దీ లోపల గాలి ఒత్తిడి పెంచుతారు, దాంతో స్ప్రింగు గట్టిదనం కూడా బరువుతో పాటే పెరుగుతుంది, ఊగే వేగం ఇంచుమించు మారదు. ఐరావత్‌లో పది మంది ఉన్నా నలభై మంది ఉన్నా ప్రయాణం ఒకేలా ఉండడానికి కారణం ఇదే. అయితే దానికి కంప్రెసర్, వాల్వులు, పైపులు కావాలి. బస్సుకు బ్రేకుల కోసం గాలి ఎలాగూ ఉంటుంది. పికప్‌కి అదంతా కొత్తగా చేర్చాలి.

అయితే ఇరుసు వల్ల ఏ ఇబ్బందీ లేదని కాదు. దాని ఇబ్బంది వేరే చోట కనిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద రెండు వెనక చక్రాలూ ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగుతాయి. అప్పుడు చక్రాలు కలిసి ఉన్నా, విడిగా ఉన్నా దాదాపు తేడా ఉండదు. అక్కడ తగిలే దెబ్బలో ప్రధాన వాటా స్ప్రింగుదీ షాకబ్జర్‌దీ. ఎడమ పక్కనే వరసగా గుంతలున్న రోడ్డు మీద వెళ్లండి, అప్పుడు ఇరుసు బయటపడుతుంది. బండి పైకీ కిందికీ కాక పక్కలకు ఊగుతుంది, తల అటూ ఇటూ వెళ్తుంది. ఘాట్‌లో మలుపు మధ్యలో గతుకు వస్తే వెనక భాగం కాస్త పక్కకు జరిగినట్టు ఉంటుంది. ఇవి సాలిడ్ యాక్సిల్ లక్షణాలు. చుట్ట స్ప్రింగులు వేసినా పూర్తిగా పోవు.

బరువు సంగతి కూడా ఉంది. హౌసింగ్, డిఫరెన్షియల్, షాఫ్టులు, చక్రాలు అన్నీ స్ప్రింగుకి కిందనే ఉంటాయి. గతుకు తగిలినప్పుడు ఆ మొత్తం బరువు పైకి ఎగురుతుంది, దాన్ని మళ్లీ రోడ్డుకు తెచ్చి అదమడం షాకబ్జర్ పని. ఇండిపెండెంట్‌లో డిఫరెన్షియల్ చాసిస్‌కి వెళ్లిపోతుంది కాబట్టి ఎగిరే బరువు తగ్గుతుంది. టైరు రోడ్డును వదలకుండా ఉంటుంది. వేగంలో, తడి రోడ్డు మీద, మలుపుల్లో ఇది నిజమైన లాభం.

మరి లోడ్ బండ్లు ఈ లాభాన్ని ఎందుకు వదులుకుంటున్నాయి? టాటా ఏస్ 2005లో వచ్చింది. అప్పటి నుంచి మన ఊళ్లలో సరుకు మోసే చిన్న బండ్లన్నీ దాదాపు వెనక కమాన్ కట్టలతోనే తిరుగుతున్నాయి. చౌక అన్నది ఒక కారణం, కానీ అదొక్కటే కాదు. కమాన్ కట్ట బరువు మోస్తుంది, ఇరుసును ముందుకూ వెనక్కూ జరగనివ్వదు, పక్కకూ పోనివ్వదు. పట్టీల మధ్య రాపిడితో కొంత ఊగును కూడా ఆపుతుంది. బరువును చాసిస్ మీద ఒకే బిందువులో గుచ్చకుండా, కట్ట రెండు కొసల్నీ చాసిస్‌కి తగిలించే ముందు హ్యాంగర్‌కీ, వెనక షాకిల్‌కీ పంచుతుంది. చుట్ట స్ప్రింగుకి బరువు మోయడం తప్ప ఇంకేమీ రాదు. మిగతా పనులకు లింకులు, బుష్‌లు, బ్రాకెట్లు విడిగా కావాలి.

లోడ్ పడినా చక్రాలు నిటారుగా నిలబడటం సాలిడ్ యాక్సిల్‌కున్న అసలైన గొప్పతనం. ఖాళీ అయినా, టన్ను వేసినా టైరు మొత్తం వెడల్పుతో రోడ్డు మీద ఆనుతుంది. ఇండిపెండెంట్‌లో బండి కుంగితే ఆర్మ్‌ల కోణం మారుతుంది. చాలా డిజైన్లలో చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. రోజూ లోడ్‌తో తిరిగితే టైరు లోపలి అంచు ముందే అరుగుతుంది. నేల నుంచి ఎత్తు విషయంలోనూ ఇదే తీరు. ఉదాహరణకు 265/65 ఆర్17 సైజు టైరు వ్యాసం సుమారు 78 సెంటీమీటర్లు, అంటే ఇరుసు మధ్యరేఖ 39 సెంటీమీటర్ల లోపు ఎత్తులో ఉంటుంది. అందులోంచి డిఫరెన్షియల్ గుండు కింది సగం పోగా మిగిలేదే రాయి తగలకుండా ఉండే జాగా. సాలిడ్ యాక్సిల్‌కి ఇది తక్కువే, కానీ లోడ్ వేసినా తగ్గదు. ఇండిపెండెంట్‌లో ఖాళీగా ఉన్నప్పుడు జాగా ఎక్కువ, బండి కుంగినకొద్దీ అది కరిగిపోతుంది. పొలం గట్టు దారిలో బస్తాలతో వచ్చే బండికి ఏది నమ్మకమో చెప్పనక్కర్లేదు.

మరమ్మతు గురించి కూడా చెప్పాలి. పట్టీ విరిగితే పలమనేరు రోడ్డు పక్కన లారీలు బాగు చేసే షెడ్డులో కూడా పని జరుగుతుంది. యూ బోల్టులు విప్పి, కట్ట దించి, విరిగిన పట్టీ మార్చి, సెంటర్ బోల్టు బిగించి పంపేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ బెంగళూరు జేసీ రోడ్డులో గానీ ఈ సరుకుకు కొదవ లేదు. ఇండిపెండెంట్‌లో షాఫ్టులను వంగుతూ తిరగనిచ్చే సీవీ జాయింట్ల రబ్బరు బూట్లు, ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు ఎప్పటికప్పుడు చూసుకోవాలి. గుంతలో గట్టిగా పడితే వెనక చక్రాలకూ అలైన్‌మెంట్ చేయించాలి. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. అదనపు పట్టీ వేయిస్తే బండి ఎక్కువ బరువు మోస్తుందని చాలామంది నమ్ముతారు. కుంగడం తగ్గుతుంది, అంతే. బ్రేకులు, టైర్లు, బేరింగులు, చాసిస్ ముందు ఎంత మోసేవో అంతే మోస్తాయి. పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగేటప్పుడు బండిని ఆపాల్సింది బ్రేకులే గానీ పట్టీలు కావు.

ఇంతా చదివాక ఇండిపెండెంట్ అంటే బలహీనం, బరువు మోయలేదు అనిపించవచ్చు. అది కూడా తప్పే. దీనికీ బెంగళూరులోనే జవాబు ఉంది. ఈ నగరంలో ప్రధాన కార్యాలయం ఉన్న ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్ 1986 నుంచి చెక్ కంపెనీ టాట్రా డిజైన్ ట్రక్కులను మన సైన్యానికి అందించింది. పృథ్వీ క్షిపణిని మోసేది ఆ ట్రక్కే. దాని నడుమ పొడవునా ఒక లావాటి ఇనుప గొట్టం ఉంటుంది, దాని నుంచి రెండు పక్కలకీ సగం ఇరుసులు విడివిడిగా పైకీ కిందికీ ఊగుతాయి. హాన్స్ లెడ్వింకా అనే ఇంజినీరు 1923లో టాట్రా 11 కారు కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. ఎగుడుదిగుడు నేలలో ఆ ట్రక్కు వెళ్లినట్టు వెళ్లగలిగేవి తక్కువ. అయితే పైన చెప్పిన చక్రాల వాలు కూడా అందులో కళ్లకు కనిపిస్తుంది. ఖాళీగా ఉన్న టాట్రా వెనక చక్రాలు కింది వైపు లోపలికి ముడుచుకుని ఉంటాయి, లోడ్ పడ్డాక నిటారుగా వస్తాయి. ఎప్పుడూ భారంతోనే తిరిగే సైనిక ట్రక్కుకి అది సరిపోతుంది. ఒక ట్రిప్పు నిండుగా, తిరుగు ట్రిప్పు ఖాళీగా తిరిగే టమాటా బండికి సరిపోదు.

అమెరికాలో కంపెనీల లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. షెవర్లే 2021 మోడల్ నుంచి తన పెద్ద ఎస్‌యూవీలు టాహో, సబర్బన్‌లకు వెనక ఇండిపెండెంట్ ఇచ్చింది. వాటితో పునాది పంచుకునే సిల్వరాడో 1500 పెట్రోల్ పికప్‌కి మాత్రం సాలిడ్ యాక్సిల్, కమాన్ కట్టలే ఉంచింది. ఇరుసు పైకీ కిందికీ కదలడానికి జాగా వదలాల్సిన పని లేకపోతే నేల దించవచ్చు, మూడో వరుస సీటుకి చోటు దొరుకుతుంది. మనుషుల బండికి అది పెద్ద లాభం, సరుకు బండికి కాదు. హోండా రిడ్జ్‌లైన్ 2005 నుంచి వెనక ఇండిపెండెంట్‌తోనే వస్తోంది. ట్రే నేల కింద సామాను పెట్టుకునే డిక్కీ ఇవ్వగలిగింది కూడా అందుకే. మోసేది 700 కిలోల చిల్లర, లాగేది సుమారు 2,270 కిలోలు. దాని కొనుగోలుదారుకు అంతకంటే అవసరం లేదని హోండాకి తెలుసు.

విద్యుత్ పికప్‌లు వచ్చాక లెక్క మారింది. 2021లో వచ్చిన రివియన్ ఆర్1టి, 2022 నాటి ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్, 2023 చివర్లో వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్, అన్నిటికీ వెనక ఇండిపెండెంటే. రివియన్ దాదాపు 5 టన్నుల ట్రైలర్ లాగుతుంది. మోటారు రెండు చక్రాల మధ్య కూర్చుంటుంది. దాన్ని సాలిడ్ యాక్సిల్‌కి తగిలిస్తే గతుకు తగిలిన ప్రతిసారీ ఎగిరే బరువు విపరీతంగా పెరుగుతుంది. అలా ఇరుసులోనే మోటారు కలిపిన ఏర్పాట్లు లేకపోలేదు గానీ, చాసిస్‌కి బిగించడమే సులువు. చాలామంది గమనించని కారణం ఇంకొకటి ఉంది. బ్యాటరీ వల్ల ఈ బండ్లు ఖాళీగానే చాలా బరువు. రివియన్ ఒక్కటే 3 టన్నుల పైన ఉంటుంది, మోసేది 800 కిలోల లోపు. అంటే ఖాళీకీ నిండుకీ మధ్య దూరం దానంతటదే తగ్గిపోయింది. కార్ల పద్ధతి స్ప్రింగులు, రివియన్‌లో, సైబర్‌ట్రక్‌లోనైతే గాలి స్ప్రింగులు, ఆ బరువుకి సరిపోతున్నాయి.

నాకు నచ్చేది ఈ రెండిటి మధ్య దారి. సాలిడ్ యాక్సిల్ ఉంచి, కమాన్ కట్టల బదులు చుట్ట స్ప్రింగులూ లింకులూ పెట్టడం. రామ్ 1500 ఈ పని 2009 మోడల్‌లోనే చేసింది. టొయోటా టండ్రా 2022 మోడల్‌లో ఇదే బాట పట్టింది. నిస్సాన్ నవారా ఎన్‌పీ300 కూడా ఇలాగే వచ్చింది, కానీ లోడ్ వేస్తే వెనక మరీ కుంగుతోందని ఆస్ట్రేలియాలో విమర్శలు వచ్చి స్ప్రింగులు మార్చాల్సి వచ్చింది. ఖాళీకీ నిండుకీ మధ్య దూరం ఎవరినీ వదిలిపెట్టదని దాంతో తేలింది. అయినా నెలకు రెండుసార్లు మూడు నాలుగు వందల కిలోలు మోసే బెంగళూరు కుటుంబానికి ఈ అమరిక చక్కగా సరిపోతుంది. బిడదిలోనే ఫార్చ్యూనర్‌కి ఆ వెనక భాగం తయారవుతున్నప్పుడు, తక్కువ లోడ్‌కే ఉద్దేశించిన ఒక పికప్‌కి దాన్ని ఎందుకు ఇవ్వకూడదని అడగడం ఇండిపెండెంట్ అడగడం కంటే సబబు.

ప్రస్తుతానికి కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌ని ఖాళీ బండితో ముగించకండి. వెనక ట్రేలో రెండు మూడు వందల కిలోలు వేసి, అదే స్పీడ్ బ్రేకర్ మీద, అదే గుంతల వీధిలో మళ్లీ నడపనివ్వమని అడగండి. స్పీడ్ బ్రేకర్ దెబ్బ తగ్గితే అది స్ప్రింగు సంగతి, మీరు మామూలుగా వేసే లోడ్‌తో బండి దారికి వస్తుంది. ఒక పక్క గుంతల్లో పక్కలకు ఊగడం అలాగే ఉంటే అది ఇరుసు సంగతి, దాన్ని భరించగలరో లేదో ఇంట్లో వెనక సీట్లో కూర్చునేవాళ్లను అడగండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ట్రే ఖాళీగానే ఉండబోతుంటే పికప్ వద్దు, ఎస్‌యూవీ కొనుక్కుని బస్తాలకు బాడుగ బండి మాట్లాడుకోండి. కొన్నాక మాత్రం డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన టైరు ప్రెషర్ స్టిక్కర్ చూడండి. పికప్‌లకు మామూలుగా ఖాళీ బండికీ నిండు బండికీ వేర్వేరు అంకెలు ఇస్తారు. లోడ్ అంకెకు గాలి కొట్టించి ఖాళీగా తిరిగితే, గట్టి స్ప్రింగుకి గట్టి టైరు కూడా తోడై కుదుపు మరింత పెరుగుతుంది. సోమవారం ఆఫీసుకి బయల్దేరే ముందు గాలి ఖాళీ బండి అంకెకు దించుకోండి, మళ్లీ లోడ్ వేసే రోజు పెంచుకోండి.